క్వారీలో దొరికిన దవడ

ఉద్యోగ విరమణకు ముందు నా చివరి ఫీల్డ్ పోస్టింగు రాజమహేంద్రవరం క్యాంపు. ఆ వేసవిలో గోదావరికి పడమటి పక్కనున్న నల్లరాయి క్వారీల మ్యాపింగును సీనియర్ జియాలజిస్టునైన నాకు అప్పగించారు. అక్కడ రెండు లావా పొరల నడుమ తెల్లటి సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. మొదటి లావా చల్లారి, రెండోది ముంచెత్తేలోపు అక్కడ నీళ్లు నిలిచాయి, జీవులు బతికాయి. శిలాజాలు దొరికేది ఆ పొరలోనే. అప్పటిదాకా నాకు దొరికినవన్నీ నత్తగుల్లలే.

ఒక ఉదయం రాలిన రాళ్లలో అరచేతి పొడవు ఎముక ముక్క కనిపించింది. చేపదనుకుని సంచిలో వేసుకోబోయాను. నాతో వచ్చిన సలోమి, మా శాఖలో శిలాజాల నిపుణురాలు, దాన్ని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

"చేప కాదు మేడమ్. ఈ పళ్ల గుంటలు చూడండి, దేనికది విడిగా ఉంది. మొసలికి దగ్గరిదండి!"

ముక్క ఒక కొస అరిగి నున్నగా ఉంది. రెండో కొస కొత్తగా విరిగి మెరుస్తోంది. అంటే మిగతా దవడ మొన్నటి పేలుడులో విడిపోయి, ఎదురుగా ఉన్న రాళ్ల గుట్టలోనే ఉండాలి. ఆ గుట్టను అప్పటికే పొక్లెయిన్ టిప్పర్లలోకి ఎత్తుతోంది. క్రషర్‌కు చేరితే కంకరే.

క్వారీ యజమాని సత్తిరాజు గారి దగ్గరికి పరుగెత్తాం. పని ఆపించే అధికారం మాకు లేదు, అడగడమే. ఆయన ముక్కను తిప్పి తిప్పి చూశారు.

"మన గోదారి మొసలేనాండి ఇది?"

"దాని చుట్టమండి. ఆ వంశం ఎప్పుడో అంతరించిపోయింది" అంది సలోమి.

"చుట్టాన్ని పట్టుకెళ్లి క్రషర్లో ఎలా వేస్తామండి! సాయంత్రందాకా బండ్లు ఆపేస్తాను, వెతుక్కోండి" అని నవ్వి, తలకు తువ్వాలు చుట్టుకుని తానూ గుట్ట ఎక్కారు.

పొద్దు వాలుతుండగా సలోమి కేక పెట్టింది. ఆమె చేతిలోని ముక్కను నా ముక్కకు ఆనించాను. వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కుంది. సలోమి ఆ దుమ్ములోనే కూలబడి పకపకా నవ్వింది. టిప్పర్ డ్రైవర్లు హారన్లు మోగించారు. తర్వాత దారిలో చిట్లకుండా ఎముకలపై తడి కాగితం పరిచి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టాం.

"దీనికీ పిండికట్టేనాండి!" అన్నారు సత్తిరాజు గారు.

ల్యాబులో సూదులతో శుభ్రం చేస్తే కింది దవడ ముందుభాగం తేలింది. కొత్త జాతి అని ప్రకటిస్తే బాగుంటుందని పైఅధికారులు అన్నారు. పుర్రె లేనిదే అలా చెప్పలేమని ఇద్దరం ఒక్కమాట మీద నిలిచాం. 'మొసళ్లకు బంధువు, జాతి నిర్ధారణ కాలేదు' అని రాశాం.

ఫోన్‌లో చెబితే సత్తిరాజు గారు, "పేరు లేకపోతే పోనీండి, మా క్వారీలో దొరికిందని రాశారా?" అన్నారు. రాశామన్నాను. ఆ సంతోషపు కేకకు ఫోను చెవికి దూరంగా పెట్టాల్సివచ్చింది.

ఆ తర్వాత ఏ శిలాజం నా బల్ల మీదికి వచ్చినా, ఉన్న ఎముక చెప్పినంతవరకే రాశాను. దవడ దొరికితే దవడ అనే రాయాలి. మిగతా జంతువు ఇంకా ఆ రాతిలోనే ఉంది. పేరు పెట్టే పని దాన్ని బయటికి తీసినవాళ్లది.