లియావ్ సార్ పిలవని రెండు పేర్లు

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద బ్యూటీ పార్లర్ నడిపే మృదులను కొత్తగా చూసిన ఆటోవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, మీది నేపాలా, మణిపురా?" ఆమె చున్నీ సర్దుకుంటూ "దేవరకొండ దిక్కు. నీదే ఊరు?" అంటుంది. ఆటోవాడు అద్దంలోంచి ఆ చిన్న కళ్లను పదిసార్లు చూసుకుంటాడు గానీ మళ్లీ అడగడు. యాభై రెండేళ్లు వచ్చినా ఆమెకు ఈ తంతు తప్పలేదు.

ఆమె చెప్పింది అబద్ధమేం కాదు. తల్లి తిరుపతమ్మది దేవరకొండ పక్కన పల్లె. తండ్రి మాత్రం చీనా మనిషి, లియావ్ చుంగ్ ఫా. అస్సాంలో పుట్టి, ఇరవై రెండేళ్ల వయసులో ఒంటరిగా హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కట్టుడు పండ్ల సెట్లు చేసే దుకాణం పెట్టుకున్నాడు. బోసినోటి మేనత్తను వెంటబెట్టుకుని వచ్చిన తిరుపతమ్మ, మూడుసార్లు రావలసిన చోట తొమ్మిదిసార్లు వచ్చింది. మేనత్తకు పండ్లొచ్చాయి, ఈమెకు మొగుడొచ్చాడు.

డెబ్బై రెండులో ఊళ్లోని చీనా కుటుంబాలు ఓ ముప్పై కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడమీద కిరాయి గది, సెక్రటరీగా లియావ్ సార్. వాళ్ల కొత్త సంవత్సరం నాడు అందరూ అక్కడ చేరేవారు. సెక్రటరీ రిజిస్టర్ తెరిచి ఒక్కో పేరూ పిలుస్తాడు. పిలుపు విన్నవాళ్లు లేచి వెళ్లి, సంఘం పెద్ద చేతి నుంచి రెండు సంత్రాలు, అంటే కమలాపండ్లు, అందుకోవాలి. ముసలమ్మకైనా రెండే, ఒళ్లో బిడ్డకైనా రెండే.

మృదుల పుట్టిన మరుసటి ఏడు తిరుపతమ్మ పట్టుచీర కట్టుకుని, బిడ్డను చంకనెత్తుకుని వెళ్లింది. ఆడవాళ్లనూ పిల్లలనూ అందరినీ పిలిచారు. పిలుస్తున్నది సాక్షాత్తూ తన మొగుడే. రిజిస్టర్ మూసేశాడు గానీ ఆమె పేరు పిలవలేదు, బిడ్డ పేరూ పిలవలేదు. అంతమందిలో ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆయన తనకిచ్చిన రెండు సంత్రాలూ తెచ్చి ఆమె చేతిలో పెడితే, మెట్లమీద కూర్చున్న పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ గదికి పోలేదు, సంత్రా ముట్టలేదు. "తెలుగుదాన్ని చేసుకున్ననని సిగ్గు నీకు" అని ఏటా అదే రోజున దెప్పేది. ఆయన కిక్కురుమనేవాడు కాదు. ముప్పై ఏడేళ్లు సెక్రటరీగా ఉండి, రెండువేల తొమ్మిదిలో అలాగే నోరు విప్పకుండా పోయాడు. పైకి చెప్పకపోయినా, తండ్రి మీద మృదులకూ కడుపుమంట ఉండేది.

ఇప్పుడు ఆ సంఘంలో మిగిలింది తొమ్మిదిళ్లు. అందుకే ఈ జనవరిలో దాన్ని మూసేయాలనుకున్నారు. మూసేముందు తమ శ్మశానంలో ఒక రాయి నిలబెట్టి, మొదటినుంచీ రిజిస్టర్‌లో ఉన్న పేర్లన్నీ చెక్కిస్తారట. ఆ సంగతి తిరుపతమ్మ చెవిన పడింది.

"సంత్రాలు ఇయ్యకుంటే ఇయ్యకపాయె. రాయి మీదన్న ఆయన పక్కన నా పేరుండాలె," అంది. డెబ్బై మూడేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేనిది, రెండు పూటలు అన్నం మానేసి కూర్చుంది. "పోయి అడుగు. ఉన్నదో లేదో చూసిరా."

మృదుల పార్లర్‌కు తాళం వేసి ఎల్బీనగర్ వెళ్లింది. సంఘం పెద్ద హు అంకుల్ అక్కడ కూతురింట్లో ఉంటాడు. ఎనభై రెండేళ్లవాడు, హైదరాబాదులోనే పుట్టి పెరిగాడు. అడగ్గానే రేకు డబ్బాలోంచి రిజిస్టర్ తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఒక్కో పేజీ తిప్పింది. అంతా తండ్రి చేతిరాతే, ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఏ ఏడాదిలోనూ తమ ఇద్దరి పేర్లూ లేవు. అది తెలిసిందే. తెలియనిది డెబ్బై ఐదో సంవత్సరం తీర్మానాల్లో ఉంది. సెక్రటరీ భార్యనూ కూతురినీ చేర్చుకోవాలని సభ్యులందరూ అడిగారు. సెక్రటరీ ఒప్పుకోలేదు. ఆ పేర్లు రాస్తే తాను తప్పుకుంటానన్నాడు.

సంఘం వాళ్లు వద్దన్నారేమో, తండ్రి ఎదిరించలేక ఊరుకున్నాడేమో అని ఇన్నాళ్లూ మృదులకు ఏ మూలనో ఓ చిన్న ఆశ ఉండేది. వాళ్లు రమ్మన్నారు. వద్దన్నది తన సొంత తండ్రి.

"అంకుల్, గింత అన్యాయమా? మేమేం పాపం చేసినం ఆయనకు?" అంది.

హు అంకుల్ ఆమెను వింతగా చూశాడు. "నీకు అస్సాం ముచ్చట చెప్పలేదా బిడ్డా?"

"తాత, నాయినమ్మ జ్వరమొచ్చి పోయిన్రన్నడు. గంతే."

"జ్వరం కాదు," అన్నాడాయన. "జర కూసో."

అరవై రెండులో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు లియావ్‌కు పదహారేళ్లు. వాళ్ల ఊరి చీనా సంఘానికి వాళ్ల నాయనే పెద్ద. కొడుకు చేతిరాత బాగుంటుందని, సంత్రాల పంపకానికి పేర్ల జాబితా వాడిచేతే రాయించేవాడు. ఏ బిడ్డకూ తక్కువ కాకూడదని వాడు పురిటి బిడ్డల పేర్లు కూడా అడిగి మరీ రాసేవాడు, ఇంటి గుర్తులతో సహా. యుద్ధం మొదలైన వారానికి అధికారులు వచ్చి మీవాళ్లెవరెవరున్నారని అడిగారు. దాచడానికి మనమేమైనా దొంగలమా అంటూ ఆ పెద్దాయన జాబితా తీసి చేతిలో పెట్టాడు.

"తెల్లారి మల్ల వచ్చిన్రు. అదే కాగితం, అదే వరుస. పేరు పిలుసుడు, లారీ ఎక్కిచ్చుడు. పసిపిల్లల్ని గూడ. రాజస్థాన్‌ల క్యాంపుల పడేసిన్రు. మీ నాయినమ్మ అక్కడ్నే పోయింది. మీ తాత బయటికొచ్చినంక ఎక్కువ రోజులు బతకలే." హు అంకుల్ రిజిస్టర్ అట్ట మీద చెయ్యేశాడు. "ఒక్కామెను మాత్రం ఇడిసిపెట్టిన్రు. అస్సాం మనిషే, చీనా ఆయనను చేసుకున్నది. మీ నాయిన ఆమె పేరు, బిడ్డ పేరు రాసుడు మరిసిండట. కాగితంల లేవని ఆమెనూ, ఆమె బిడ్డనూ ముట్టలే."

మృదుల మళ్లీ రిజిస్టర్ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు కనిపించింది. అన్ని వందల పేర్లలో ఒక్కదానికీ ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. ఆ పుస్తకం ఇంకొకరి చేతికి పోకూడదనే ముప్పై ఏడేళ్లు సెక్రటరీగా ఉండిపోయాడని హు అంకుల్ చెప్పాడు. పండ్ల సెట్లు కట్టేటప్పుడు గలగలా మాట్లాడే మనిషి, ఏటా తల్లి దెప్పేటప్పుడు మాత్రం ఎందుకు కిక్కురుమనేవాడు కాదో ఆమెకు అప్పుడు అర్థమైంది. తానే రాసిన కాగితం కన్నతల్లిని మింగిందని భార్యతో ఏ నోటితో చెప్పుకుంటాడు.

ఆమె లేవబోతుంటే హు అంకుల్ పళ్లెంలోంచి నాలుగు సంత్రాలు తీశాడు. "అమ్మకు రెండు, నీకు రెండు. ఇగ మేమందరం ముసలోళ్లమే, ఎవరు పట్టుకపోతరు. రాయి మీద మీ పేర్లు రాయిస్త. అమ్మను అడిగి చెప్పు," అన్నాడు.

ఇంటికొచ్చి మృదుల ఒక్క ముక్క వదలకుండా అంతా చెప్పింది. మధ్యలో తిరుపతమ్మ ఒక్కసారే అడ్డొచ్చింది.

"ఆమె పేరు మరిసిపోయిండు గనుకనే బతికిందా?"

"ఆ."

"నన్ను సిగ్గుకు దాసిండనుకున్న," అంది తిరుపతమ్మ. "ఏటా తిట్టిన. సచ్చినంక గూడ తిట్టిన. ఒక్కపాలన్న చెప్పకపాయె, పిచ్చోడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మృదుల చేయి పట్టుకుందామని వంగితే విదిలించుకుంది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, రాయి సంగతి తనే ఎత్తింది.

"వద్దని చెప్పు. నాదీ వద్దు, నీదీ వద్దు. ఆయన దాసిన పేరు నేను బయటపెట్ట."

"ఇప్పుడు భయమేంది అమ్మా?"

"భయం నాకెక్కడిది. ఆయనకుండె గద."

మృదుల ఫోన్ తీసి హు అంకుల్‌కు ఆ మాటే చెప్పింది. ఆమె మాట్లాడుతుండగానే తిరుపతమ్మ సంచిలోంచి ఒక సంత్రా తీసి, తొక్క ఒలిచి, ఒక తొన నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో తల్లి సంత్రా తినడం మృదుల చూడటం అదే మొదటిసారి.