క్యాప్ లేని పన్నూ, కొత్త అల్లుడి మర్యాదా

కొత్త అల్లుడికి దేవుడు నోరిచ్చింది తినడానికే గాని మాట్లాడటానికి కాదని మా అత్తవారి వైపు గట్టిగా నమ్మే రోజులవి. నాకు కాకినాడలో ఉద్యోగం, పెళ్లయిన కొత్త. కుడివైపు దవడ పన్ను నరం దాకా పుచ్చిపోతే, డాక్టరుగారు ఆ నరం తీసేసి సిమెంటు నింపారు. "నొప్పి పోయింది కదా అని పన్ను బాగైపోయిందనుకోకండి. చిన్న పుచ్చయితే సిమెంటుతో సరిపోయేదండి. మీకు చుట్టూ పల్చటి గోడలే మిగిలాయి. పైన క్యాప్ తొడిగేదాకా అటువైపు గట్టివి నమిలితే చీలిపోతుంది" అన్నారు. క్యాప్ తయారై రావడానికి వారం పడుతుందట. ఈలోపే అత్తవారు భోజనానికి పిలిచారు. (నా పన్ను కుదురుకునేదాకా ఆగితే వాళ్ల మర్యాద పాచిపోతుంది కాబోలు.)

వాళ్లది ఆత్రేయపురం పక్క ఊరు. నోట్లో పెడితే కరిగిపోయే పూతరేకులు దొరికే చోట నా పన్నుకేం భయమనుకుని వెళ్లాను. "అవి ఎప్పుడూ ఉండేవేనండి, ఇవి మీకోసం నా చేత్తో చేశాను" అంటూ అత్తగారు పళ్లెం నిండా చేగోడీలు పెట్టారు. గులకరాళ్లకు నూనె రాసినా అంతకంటే మెత్తగానే ఉంటాయి. వద్దన్నాను.

"ఏంటండీ అల్లుడుగారూ, మా వంట నచ్చలేదాండీ?" అన్నారు పెదమామగారు, అంటే మా మామగారి అన్నగారు.

"పన్నండి..."

"నొప్పాండీ?"

"నొప్పి లేదండి. క్యాప్ వేయాలి."

"నొప్పే లేనప్పుడు క్యాపెందుకండీ?" అని తన ముందుపన్ను మీది బంగారు తొడుగు చూపించారు. "ఆయ్, నేనూ వేయించుకున్నానండి. లోపల పన్ను రాయి! ఇవన్నీ సోకులండి. దీనికోసం ఈ వయసులో మెత్తన్నం తింటారా ఏంటి?"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా. (ఆ రోజు వండిన కూరలు మరిచిపోయాను గాని ఆ నవ్వు మరవలేదు.) నిక్షేపంలాంటి పన్నుకు బంగారం తొడిగించుకున్న మహానుభావుడు, నా డొల్ల పన్నుకు తొడుగు దండగని తీర్పు చెప్పేశారు! నాకు ఒళ్లు మండింది. అన్నిటికన్నా లావుది ఏరి, పంతానికి కుడివైపే పెట్టి కొరికాను.

ఫట్‌మంది.

"విన్నారా, ఎలా కరకరలాడుతోందో!" అని అత్తగారు మురిసిపోయారు. నాలుకతో తడిమితే పన్ను సగమే ఉంది. మిగతా సగం చేగోడీ ముక్కల్లో కలిసిపోయింది. ఉమ్మితే పెదమామగారి ముందు ఓడిపోయినట్టే. "చాలా బాగుందండి" అని మింగేశాను. ఆ మాటకు మరో గుప్పెడు వడ్డించారు.

చీలిక చిగుళ్ల కిందికి దిగలేదు గనక బతికిపోయానని, దిగితే పీకడం తప్ప దారిలేదని డాక్టరుగారు చీవాట్లు పెట్టి, మిగిలిన సగాన్నే నిలబెట్టి పైన క్యాప్ తొడిగారు. ఏం తిన్నానో మాత్రం ఆయనకు చెప్పలేదు. అత్తవారి పరువు అలా కాపాడాను. (ఎవరూ మెచ్చుకోలేదు.)

ఆ క్యాప్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు, పెదమామగారి మీద నా కోపమూ అంతే. కానీ అప్పుడప్పుడు, సగం పన్ను కడుపులో వేసుకుని, మిగతా సగం ఎవరికీ కనపడకుండా పెదాలు బిగించి నవ్వుతూ, తానే గెలిచాననుకుని కూర్చున్న ఆ కొత్త అల్లుడు గుర్తొస్తాడు. పాపం, వాడిని మాత్రం క్షమించేశాను.