గంజి బరువుకు మూడు రూపాయలు

మా ఇంట్లో నేసిన చీరను అంగడికి కాకుండా పోస్టాఫీసుకు ఎత్తుకుపోయింది నేనొక్కదాన్నే. డెబ్బైల ఆఖర్లో అనుకుంటా. ఎమ్మిగనూరులో మా వీధిలో అప్పట్లో ఎవరూ ఆ పని చేయలేదు. చీర మగ్గం దిగిందంటే అంగడాయన దగ్గరికి పోవాల్సిందే. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తాడు, ఎక్కడో ఒక పోగు తెగిందంటాడు, రూపాయో రెండో కోస్తాడు. మా మామ కాలం నుంచీ అంతే.

మా పక్కింట్లో రెండేళ్లు బాడుగకున్న లెక్కల పంతులమ్మ బదిలీ మీద గుంటూరు దిక్కు పోయింది. అక్కడి నుంచి ఒకరోజు కార్డు రాసింది. "మీ ఇంట్లో నేసే ఎర్రంచు ఆకుపచ్చ చీర నాకొకటి, మా ఆడబిడ్డకొకటి కావాలి. వీపీలో పంపండి, ఇక్కడ డబ్బు కట్టి విడిపించుకుంటాను" అని. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. కార్డు కూడబలుక్కుని చదివాను గానీ వీపీ అంటే ఏమిటో తెలియలేదు. మా వీధికి ఉత్తరాలు తెచ్చే సాయిబన్నను వాకిట్లో నిలబెట్టి అడిగాను.

"పార్శిలు నువ్వు కడ్తావు సెల్లెమ్మా. ఆడ ఆయమ్మ దుడ్డు కడితేనే సేతికిస్తారు. ఆ దుడ్డు మనియార్డరుగా నీ ఇంటికొస్తాది."

"కట్టకపోతే?"

"వారం దినాలు పెట్టుకోని సూస్తారు. ఆమైన మళ్లీ నీ వాకిట్లోకే."

"పోస్టు కర్సు?"

"అది పోయినట్టే."

లోపల మగ్గం ఆగింది. మా ఆయన వింటున్నాడని అర్థమైంది.

మగ్గం మీద సాగదీసిన పడుగు నూలు అయిపోవస్తోంది. కొత్త పడుగుకు నూలు తేవాలంటే ఇంట్లో నేసి పెట్టున్న ఆ రెండు చీరలే దిక్కు. అంగడికిస్తే తక్కువైనా ఆ పూటే చేతిలో పడుతుంది. పోస్టులో పంపితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తుంది, కానీ వస్తేనే. పార్శిలు తిరిగొచ్చిందా, పోస్టు ఖర్చూ పోయె, మగ్గమూ నిలబడె. ఒకసారి బయటికి పోయి తిరిగొచ్చిన చీరను అంగడాయన సగానికి అడుగుతాడు.

మా ఆయన ఒకటే మాటన్నాడు. "నీ ఇష్టం. తిరిగొస్తే మాత్రం నువ్వే అంగడికి ఎత్తుకపోవాల. ఆయప్ప మొగం నేను సూడలేను."

నేను కిరాణా అంగడికి పోయి చీరలు తూపించాను. రెండూ కలిపి కిలోకు తక్కువే తూగాయి. సాయిబన్నను పోస్టు ఖర్చు అడిగి, "అంతా కలిపి నూరు రూపాయలు" అని పంతులమ్మకు కార్డు రాశాను. "సంతోషం. నూరు రూపాయల నోటు విడిగా తీసిపెట్టాను" అని బదులొచ్చింది.

అంతవరకూ బాగానే ఉంది. మా అత్త ఊరుకోలేదు.

"గంజి పెట్టకుండా పంపుతావా? సేత్తో పట్టుకుంటే మెత్తగా జారిపోతాది. ఎమ్మిగనూరు సీర అంటారా దాన్ని, తడిగుడ్డ అంటారు."

మా ఇళ్లలో అది పట్టింపు. చీర ఎంత బాగా నేసినా, ఇల్లు దాటే ముందు గంజి పట్టించి, నిలబెడితే నిలబడేట్టు చేసి ఇవ్వాలి. దూరదేశం పోతోందని మా అత్త ఇంకాస్త చిక్కగా కాచి పట్టించింది. అదేం ఖర్మో ఆ రెండు రోజులూ ముసురు. ఇంట్లోనే దండెం మీద ఆరీ ఆరనట్టు ఆరాయి. పైన చుట్టడానికి మేము నేసిన ముతకగుడ్డే వాడాను, అదే ఖర్చులేని పని కదా అని. చుట్టూ కుట్టి, కుట్టు మీద లక్క ముద్రలు వేసుకుని, సరిగ్గా లెక్కపెట్టిన డబ్బు కొంగున కట్టుకుని పోస్టాఫీసుకు పోయాను.

గుమాస్తా పార్శిలు తక్కెడలో పెట్టాడు. తక్కెడ దిగింది. రాళ్లు మార్చాడు. మళ్లీ దిగింది.

"కిలో దాటిందమ్మా. ఇంకో మూడు రూపాయలు తీ."

"అంగట్లో తూపించినానప్పా! కిలోకు తక్కువే ఉండె."

"నీ అంగడి తక్కెడ సంగతి నాకు తెల్దు. ఇది సర్కారుది."

వెనకున్న ఒకాయన తొంగిచూసి, "సీరలేనా అక్కా, కడపరాళ్లు కూడా యేసినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు గంజి అప్పుడు గుర్తొచ్చింది. గంజి, దాంట్లోని తేమ, పైన ముతకగుడ్డ. ఒక్కోటి ఒక్కో పిడికెడు. లక్క వేసిన కుట్టు విప్పలేను. ఇంటికి పోయి తేవడానికి ఇంట్లో చిల్లర లేదు. ఆదోని రైలుకు టపా సంచి తీసుకుపోయే బస్సు ఇంకాసేపట్లో కదులుతుంది. మరుసటి రోజు ఆదివారం.

సాయిబన్న అక్కడే జాబులు వేరుచేస్తున్నాడు. లేచి జేబులోంచి మూడు రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "తర్వాత ఇద్దువులే సెల్లెమ్మా."

గుమాస్తా ఫారం మీద కలం పెట్టి, "ఎంత వసూలు సెయ్యాల?" అన్నాడు.

"నూరు."

"మూడు పైన ఏసుకోమ్మా. నీ సేతిది ఎందుకు పోగొట్టుకుంటావు? అందరూ అట్లే సేస్తారు."

నా నోరు "సరే" అంది. నూటమూడు అని రాశాడు. ముద్రలు గుద్దేశాక మాత్రం చల్లగా చెప్పాడు: "దీనిమీద మనియార్డరు కమీషను కూడా ఆయమ్మే కట్టాల. తెల్సు కదా?"

తెలియదు. ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. నేను రాయలేదు.

ఇంటికొచ్చి, "పోయింది" అని మాత్రం చెప్పాను. మూడు రూపాయల మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచీ నా కళ్లముందు ఒకటే బొమ్మ. పంతులమ్మ నూరు నోటు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటుంది. అక్కడి పోస్టు మనిషి నూటమూడూ, పైన కమీషనూ అంటాడు. మా పక్కింట్లో ఉన్నప్పుడు పాలలెక్కలో పది పైసలు తేడా వస్తే పాలమ్మను నిలబెట్టి అడిగిన మనిషి ఆమె. నూరని రాసిన నా కార్డు ఆమె దగ్గరే ఉంది. చూపిస్తుంది. "నాకొద్దు, తీసుకుపో" అంటుంది.

వారం గడిచింది. సాయిబన్న సైకిలు గంట వినపడితే వాకిట్లోకి పోతాను. ఆయన దూరం నుంచే చేయి అడ్డంగా ఊపి పోతాడు. కొళాయి దగ్గర అంగడాయన పెండ్లాం, "ఏమమ్మో, మీ సీరలు రైలెక్కినాయంట, దిగినాయా?" అంటుంది. నవ్వి బిందె ఎత్తుకుంటాను. అన్నిటికంటే బాధ, మగ్గం చప్పుడు. మా ఆయన మెల్లగా నేయడం మొదలుపెట్టాడు. పడుగు అయిపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలని, నాలుగు పోగులు నేసి లేచి నీళ్లు తాగుతాడు, ఊరకే వీధిలోకి చూస్తాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

పదకొండో రోజు మా అత్తే అడిగింది. "ఏమ్మే, అన్నం తినవు, ఒక్కతావున నిలబడవు. ఆయమ్మ పట్టుసీర లంచమడిగిందా ఏంది?"

పన్నెండో రోజు సాయిబన్న సైకిలు మా వాకిట్లో ఆగింది. నేను ఆయన మొహం చూడలేదు, వెనక క్యారియరు చూశాను, గుడ్డమూట ఉందేమోనని.

"ఫికర్ సెయ్యొద్దు సెల్లెమ్మా, మూట లేదు, దుడ్డే."

ఇంటికి పెద్ద తానే కాబట్టి వేలిముద్ర వేయమంటాడనుకుని మా అత్త ముందుకొచ్చింది. నేను సంతకం చేసి, వచ్చిన దాంట్లోంచి ఆయన మూడూ ఆయనకు అక్కడే ఇచ్చేశాను. మగ్గం గుంతలోంచి మా ఆయన చూస్తూనే ఉన్నాడు.

"ఆయన్నకు మూడు ఎందుకిచ్చినావు?"

చెప్పాను. అంతా చెప్పాను. ఆయన నూలు కోసం సంచి తీసుకుని బయల్దేరాడు. బతికాననుకున్నాను.

రెండు రోజులకు పంతులమ్మ కార్డు వచ్చింది. నేనే పైకి చదివాను. మొదటిరోజు డబ్బు చాలక పార్శిలు అక్కడి పోస్టాఫీసుకే వెనక్కి పోయిందట. పక్కింట్లో ఐదు రూపాయలు అడిగి తీసుకుని, మరునాడు తానే పోస్టాఫీసుకు పోయి విడిపించుకుందట. "చీరలు బాగున్నాయి. ఒకసారి జాడిస్తే గంజి పోయి పూవులాగా తేలికయ్యాయి. ఇకమీద ఎంతైనా ముందే రాయండి. పక్కవాళ్లను చేయిచాచి అడగడం నాకు అలవాటు లేదు" అని రాసింది.

మా అత్త బుగ్గన చేయి పెట్టుకుంది. "అంటే ఆయమ్మ మూడు రూపాయలు పెట్టి నా గంజి కొన్నట్టా!" అని నవ్వింది.

మా ఆయన నవ్వలేదు. "నూరని సెప్పి నూటమూడు తీసుకుంటే, మనకూ ఆ అంగడాయప్పకూ తేడా యాడుంది? పోయి ఆ మూడూ కట్టేసి రా."

మళ్లీ అదే గుమాస్తా. "మూడు రూపాయలకు మనియార్డరా? పంపే కర్సు మళ్లీ నీదేనమ్మా, తెల్సు కదా?" ఈసారి తెలుసన్నాను. రాసే చోట "గంజి బరువు డబ్బు వాపసు, తప్పైంది" అని పెద్దపెద్ద అక్షరాలతో రాశాను.

ఇంటికొస్తుంటే కొత్త భయం పట్టుకుంది. ముష్టి మూడు రూపాయలు పంపి తనను అవమానించారని ఆమె వద్దంటే? మళ్లీ సైకిలు గంట, మళ్లీ వాకిలి. తొమ్మిది రోజులకు రసీదు వచ్చింది. కింద ఆమె సంతకం ఉంది, తేదీ ఉంది, ఇంకో ముక్క లేదు. ఆ సంతకం నవ్వుతూ పెట్టిందో కోపంగా పెట్టిందో చాలాసేపు చూశాను. తెలియలేదు. లోపల కొత్త పడుగు మీద మగ్గం గబగబా ఆడుతోంది.