భీమిలి సముద్రంలో చెరువు వల

మాది ఇబ్రహీంపట్నం. నలభై ఏళ్ళు చెరువులో విసురు వల వేసి బతికాను. మొన్న దవాఖానలో డాక్టర్ నా కుడి భుజం చూసి, ఇక వల విసరొద్దన్నాడు. సరేనన్నాను. మానేసే ముందు ఒక్కసారి సముద్రంలో వేయాలని ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. సముద్రం చూడ్డానికి భీమిలి ప్రయాణం పెట్టుకుని, వల సంచిలో పెడుతుంటే నా భార్య సత్తెమ్మ పట్టుకుంది.

"సముద్రం సూడ పోతున్నమా, ఖాళీ చేయ పోతున్నమా?" అంది. తనే వల మీద రెండు చీరలు కప్పింది.

సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కి పొద్దున విశాఖపట్నంలో దిగాం. స్టేషన్ నుంచి భీమిలికి సిటీ బస్సుంది. వంద నోటిస్తే ఇద్దరికీ టికెట్లు పోను చిల్లర వచ్చింది. కుడివైపు కిటికీ దొరికింది. దారి పొడుగునా సముద్రమే! ఎంత చూసినా అవతలి గట్టు లేదు. చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డాను.

తొమ్మిదికల్లా భీమిలి. ఆటో మాట్లాడుకుని ముందు డచ్చివాళ్ళ సమాధులు చూశాం. కోసుగా కట్టిన పెద్ద సమాధులు, అక్షరాలు అరిగిన రాళ్ళు.

"యాపారానికొచ్చి ఇక్కడే పోనారు" అన్నాడు ఆటో డ్రైవర్, మళ్ళీ బయల్దేరాక.

"పాపం, రిటన్ టికెట్ తీసుకోలేదేమో" అంది సత్తెమ్మ. అతను ఆటో ఆపి మరీ నవ్వాడు. పాత లైట్‌హౌస్ దగ్గర మమ్మల్ని దింపాడు. కింద ఇసుకలో పడవలు. పడవ నీడన నలుగురు వలలు బాగుచేసుకుంటున్నారు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నేనైతే అడుగ. నీ వల, నీ నోరు" అంది సత్తెమ్మ.

చివరికి సంచి తెరిచి, "ఒక్కసారి ఏస్త" అన్నాను.

వాళ్ళలో పెద్దవాడు అప్పన్న. వల చేత్తో తడిమి, "సెరువు వలేటి! ఎయ్యి మామా, సూద్దాం" అన్నాడు.

మోకాటి లోతుకు దిగి విసిరాను. అలవాటుగా, వల అడుక్కి దిగాలని ఆగాను. కెరటం వచ్చి వలను చాపలా చుట్టి నా కాళ్ళ దగ్గర పడేసింది. అందరూ నవ్వారు.

"ఇక్కడ ఆగితే అవదు మామా. కెరటం ఎనక్కెల్లినప్పుడు ఏసి, ఎంటనే లాగీ" అన్నాడు అప్పన్న.

భుజం సలుపుతోంది. సత్తెమ్మ వైపు చూశాను.

"వద్దన్న పని ఒకసారి చేసినా రెండుసార్లు చేసినా గంతే. ఎయ్యి!"

నీళ్ళు వెనక్కి జారాయి. విసిరాను. వల గుండ్రంగా, పున్నమి చంద్రుడంత నిండుగా విచ్చుకుంది. వెంటనే లాగాను. చిటికెన వేలంత చేపలు మూడు, తళతళా!

"కూరకు సాలవు" అన్నాడు అప్పన్న.

"సాలకుంటేంది, సముద్రంవి" అంది సత్తెమ్మ.

నలభై ఏళ్ళలో బుట్టలు నిండిన రోజులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇలా గుర్తులేదు. నీళ్ళన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. ప్రతి నీటికీ దాని పద్ధతి ఉంటుందని ఈ వయసులో నేర్చుకున్నాను. మీరూ వల తీసుకెళ్తే ఇంటికి రాగానే మంచినీళ్ళలో కడగండి, ఉప్పు దారాన్ని తింటుంది. నాది ఇక విసిరేది లేదు. అయినా మూడు నీళ్ళు పోసి కడిగి, నీడలో ఆరేశాను.