పెయింటు డబ్బాలతో బ్యాండు కట్టించిన డ్రైవరన్న

మమ్మల్ని సైటుకు తీసుకెళ్లే బస్సు డ్రైవరన్న పోయాడు. పోయిన వారం మేముండే అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో పొద్దున చాయ్ తాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజు బస్సు వేరేవాడు తోలాడు. అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, ఇంకా తగ్గలేదు.

అన్నది జగిత్యాల దిక్కు. మా బస్సుకు రాకముందు రువైస్‌లో ఒక ముసలి ఇంగ్లీషు ఇంజినీరుకు కారు నడిపేవాడు. అబుదాబి దాకా ఎడారి దారిలో ఆయనకు ఒకటే ముచ్చట. ప్రపంచాన్ని ఊపేసిన ఒక పాటల బ్యాండు తమ వీధిలోనే ఎట్లా పుట్టిందో చెప్పేవాడట. అన్న ఆ కుర్రాళ్లను సొంత మేనల్లుళ్లను చేసుకున్నాడు.

"గా పోరగాళ్ల తాన ఏమున్నదిరా? అమ్మలు బట్టలుతికే రేకు పలక, పాత చాయ్‌పత్తా పెట్టె. పెట్టెకు కట్టె వెట్టి తాడు గట్టిన్రు, గంతే. మనకేం తక్కువ?" అనేవాడు.

అట్లా మా బ్యాండు మొదలైంది. ఖాళీ పెయింటు డబ్బాలు, నీళ్ల క్యాన్లు, మా కార్పెంటర్ చేసిన ప్లైవుడ్ పెట్టె. చెప్పుకునేది ఇంగ్లీషు బ్యాండు సంగతి, పాడేది బతుకమ్మ పాటలు. తాళం తప్పితే అన్న ఎయిర్‌బ్రేకు వేసినట్టు నోటితో "టుస్స్" అనేవాడు.

ఒకసారి గోల ఎక్కువైందని క్యాంప్ బాస్ మా డబ్బాలన్నీ చెత్తబండి ఎక్కించాడు. మేము ముఖాలు వేలాడేసుకుంటే అన్న కసిరాడు. "మీ పాటలు నడువయని గా ఇంగ్లీషు పోరగాళ్లను గూడ రికార్డుల కంపెనీలోడు ఎల్లగొట్టిండట. ఆపిన్రా? సైట్ల డబ్బాలకు కరువా?" మరునాడు బస్సు వెనక సీటు కింద కొత్త డబ్బాలు దొర్లుతూ వచ్చాయి.

మా ఊళ్లలో డప్పు లేనిదే శవం ఇల్లు కదలదు. అన్నను మాత్రం పెట్టెలో పెట్టి, సామానుతో పాటు విమానం ఎక్కిస్తారట. ఎవరు ఒప్పుకుంటారు? మార్చురీ ఆవరణలోకి డబ్బాలు పట్టుకుని వెళ్లాం. కాగితాల కోసం వచ్చిన క్యాంప్ బాస్ ఇక్కడ కుదరదు, ఆపేయమని అడ్డం తిరిగాడు.

"ఇధర్ నహీ! ఖలాస్ కరో!"

"ఆద్మీ ఖలాస్ హువా సాబ్, బాజా నహీ," అన్నాను. అయిపోయింది మనిషే, వాయిద్యం కాదు.

డప్పులు శవానికి ముందు నడవాలి. పెట్టెను ఎక్కించుకున్న వ్యాను ముందుకు వెళ్లి నిలబడి కొట్టడం మొదలుపెట్టాం. క్యాంప్ బాస్ అరుస్తూనే ఉన్నాడు. సేఫ్టీ బూట్లతో అడుగులో అడుగేస్తూ గేటు వైపు నడిచాం. మా వెనక ఆ తెల్లవ్యాను హారన్ కొట్టకుండా, మనిషి నడిచినంత మెల్లగా వచ్చింది.