మా కాలేజీలో అత్త

మా అనాటమీ విభాగానికి మొన్న ఒక గాజు బల్ల వచ్చింది, మనిషంత పొడవుది. మీట నొక్కితే దాని మీద ఒక శరీరం వెలుగుతుంది. వేలితో తోస్తే చర్మం పోతుంది, ఇంకోసారి తోస్తే కండ పోతుంది, పొరపాటున తోస్తే అన్నీ తిరిగొచ్చి కూర్చుంటాయి. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూస్తున్నారు. వాసన లేదు, కళ్ళు మండవు, మధ్యాహ్నం అన్నం సయిస్తుంది. నాకూ నచ్చింది. శవాలు నిలవుంచే ఫార్మలిన్ మీద మమకారం పెంచుకోవడానికి నేనేమీ పిచ్చిదాన్ని కాను. కానీ ‘ఈ బాడీ ఎవరిది మేడమ్?’ అని ఒక పిల్ల అడిగితే, కంపెనీవాళ్ళు పంపిన పుస్తకమంతా తిరగేశాను. అందులో లేదు. మా మేనత్త గుర్తొచ్చింది.

అత్త బజారులో చేపలమ్మేది. శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవులకొచ్చి వేటతో బతికిన ఇల్లు వాళ్ళది. మావయ్య ఒకసారి పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. ఆవిడ ఏడవడం నేను చూడలేదు గాని, బేరమాడేవాళ్ళని ఏడిపించడం చాలాసార్లు చూశాను. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో మాకు శవాలకు మహా కరువు. ఇక్కడ పోయాక ఒళ్ళిస్తామని ఫారం రాసిచ్చేవాళ్ళు తక్కువ, మెయిన్‌లాండ్ నుంచి రావాలంటే కాగితాలు, అనుమతులు, ఓడ. అంతవరకూ ప్లాస్టిక్ బొమ్మలే గతి. వాటిలో గుండె డబ్బా మూతలా ఊడొచ్చేది. ఈ గోడంతా ఒక ఆదివారం అత్త దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పొలుసు గీకుతూనే విని, “చేపని ముట్టకుండా చేప కొయ్యడం నేర్పుతావేటే? ఆ ఫారమేదో అట్టుకురా, సాయిన్ ఎట్టేస్తాను. మీ మావయ్య ఒళ్ళు ఎవులికీ కాకుండా పోనాది. నాదైనా కామ్‌కొస్తాది” అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. వారం తిరక్కుండా కాలేజీకొచ్చి, అటెండరుతో హిందీలో పోట్లాడి మరీ ఫారం రాయించుకుని పోయింది.

కొన్నేళ్ళకు నిద్రలోనే పోయింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. కొడుకు ఒప్పుకోకపోతే ఆ ఫారం ఉత్త కాగితమే. “మా అయ్యకీ చితి లేదు, అమ్మకీ ఒద్దంటావా? లోగ్ క్యా బోలేంగే? నలుగురూ ఏటంటారు?” అని బావ నన్ను నిలదీశాడు. పాఠం చెప్పే మనిషిగా ఆ శరీరం నాకు కావాలి. మేనకోడలిగా మాత్రం బావ ససేమిరా అంటే బాగుండునని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. తల్లి పక్కన మధ్యాహ్నందాకా కూర్చుని, చివరికి బావే లేచాడు. “సరే, తీసుకుపో. గానీ నువ్వుండాల. నువ్వు లేనికాడ అమ్మని ఒగ్గను” అన్నాడు. ఉంటానని మాటిచ్చాను.

ఉండలేదు. పాఠం మొదలయ్యే రోజున సెలవు పెట్టి వండూర్ బీచికి బస్సెక్కాను. టూరిస్టుల మధ్య ఇసుకలో కూర్చుని రెండు బొండాలు తాగి, డెలానీపూర్ క్వార్టర్‌కి తిరిగొచ్చి పడుకున్నాను. మర్నాటి నుంచి పక్క గదిలో ఎముకల పాఠం పట్టుకున్నాను. అత్త ఉన్న బల్ల దగ్గరికి వేరే మాస్టారు వెళ్ళేవారు. బావ కనిపించి “ఉన్నావా?” అనడిగితే “ఉన్నాను” అనేదాన్ని. ఒకే మేడలో ఉన్నాను కాబట్టి పూర్తి అబద్ధం కాదని సర్దిచెప్పుకునేదాన్ని. సిగ్గుగానే ఉండేది.

అలా నెలలు గడిచాయి. ఒకరోజు ఆ గదిలో మాస్టారు లేని సమయం చూసి, చౌల్దారీ నుంచి వచ్చే తెలుగుపిల్ల ఒకతె నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “మేడమ్, ఏక్ మినట్ రండి. చీలమండ దగ్గర ఎముక నున్నగా అరిగినట్టుంది. మోడల్‌లో ఇలా లేదు. జబ్బేమో?” తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. వెళ్ళాను. మా పద్ధతి ప్రకారం ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. పాదం ముందు వంగి చూశాను. కాలి ఎముక కింది అంచున, వేలి కొన పట్టేంత మేర, గవ్వ లోపలిలా నునుపు.

“జబ్బు కాదమ్మా,” అన్నాను. “ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చునే వాళ్ళకి ఎముకకి ఎముక ఆనుకుని అక్కడ ఇలా అవుతుంది. కుర్చీల్లో కూర్చునేవాళ్ళని చూసి చేసిన బొమ్మల్లో ఉండదు.”

“అన్నేళ్ళు కూర్చుని ఏం చేసేదో?”

శరీరం ఎవరిదో పిల్లలకు చెప్పకూడదన్నది నియమం. “కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసేది,” అన్నాను. “మా అత్త.” ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆ పిల్ల గ్లవ్ తొడిగిన వేలిని ఎముక మీంచి మెల్లగా తీసేసింది. “తియ్యకు, తడిమి చూడు. అందుకే ఇచ్చింది,” అన్నాను. మిగతా పిల్లల్ని కూడా పిలిచి, అక్కడే నిలబడి, ఆ రోజు పాఠం నేనే చెప్పాను.

గడిచిన కాలం ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. అత్త బతికిన కాలం కొంత ఆ చీలమండ దగ్గర ఆగిపోయి ఉండగా, పక్క గదిలో నేను మాత్రం నెలల కొద్దీ కాలాన్ని ఊరికే పోనిచ్చాను.