మాస్టారు మా గుమ్మంలో నిలబడిన సాయంత్రం

పిల్లల ముఖాలకు పూసిన రంగును కొబ్బరినూనెతో తుడిచేటప్పుడు ఒక వాసన వస్తుంది. నూనె, పౌడరు, చెమట కలిసిన వాసన. గుంటూరు బ్రాడీపేటలో నేను నాటకాలు నేర్పే స్కూల్లో మొన్న వార్షికోత్సవం అయ్యాక పిల్లలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, చేతికొక నూనె గుడ్డ ఇచ్చాను. "చెవుల వెనకాల మర్చిపోకండి" అన్న మాట నా నోట్లోంచి వచ్చింది గానీ అది నా మాట కాదు. మస్తాన్‌వలీ మాస్టారిది. ఆ వాసన తగలగానే ఆయన నా పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

మార్టూరుకు దగ్గర్లోని మా ఊరి హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఏడాదికొక నాటకం ఆయనే రాసి, మాతో ఆడించేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా రాసింది మిరపకాయల కల్లంలో కూలి చేసే ఒక తల్లి కథ. ఆ తల్లి వేషం నాకిచ్చారు. క్లాసులో గట్టిగా మాట్లాడే పిల్లని నేనే. వేషం నాకు రాక ఇంకెవరికి వస్తుందిలే అనుకున్నాను. డైలాగులన్నీ రెండు రోజుల్లో బట్టీపట్టేసి, ఏడవాల్సిన చోట భోరున ఏడ్చేదాన్ని. ఆయన మాత్రం మెచ్చుకోలేదు. "ఏడుపు బాగా ఎక్కువైంది, పని బాగా తక్కువైంది" అనేవారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ కోటమ్మ నిజంగానే కల్లాల్లో మిరపకాయల ముచ్చికలు తీసేది. కాయకు అంటుకుని ఉండే తొడిమను మేము ముచ్చిక అంటాం. మా ఇల్లు ఊరికి ఎడంగా, స్కూలుకు దూరంగా ఉన్న పాలెంలో కాబట్టి, స్కాలర్‌షిప్ కాగితాలు నింపిన మాస్టారికి తప్ప క్లాసులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. మా అమ్మ ఇంట్లో మిషను కుడుతుందని రమాదేవితో చెప్పాను. రమాదేవి మిగతా అందరికీ చెప్పింది. ఆ అబద్ధం మీద రెండేళ్ళు హాయిగా బతికాను.

ఒకరోజు రిహార్సల్‌లో, కాయల ఘాటుకు కళ్ళు మండుతున్నట్టు రెండు చేతులతో నులుముకుంటూ ఏడుస్తున్నాను. మాస్టారికి విసుగొచ్చింది.

"ఆపవే కుమారీ! మీ అమ్మ రోజూ ముచ్చికలు తీసిద్ది గదా, ఎప్పుడన్నా ఇట్టా కళ్ళు నులుముకుందా?"

వెనకనుంచి రమాదేవి గొంతు వినపడింది. "మిషను కుడతదన్నావు గదే?" ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ముందున్న గంపను అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఆ తర్వాత మూడు రోజులు బడికి పోలేదు. జ్వరమని అమ్మతో చెప్పాను. ఇంకొక అబద్ధం.

ఆ మూడో రోజు సాయంత్రం మా గుమ్మం ముందు సైకిలు ఆగింది. అమ్మ అప్పుడే కల్లం నుంచి వచ్చి, మండే చేతులకు మజ్జిగ రాసుకుంటోంది. మాస్టారిని చూసి కంగారుగా లేచి నిలబడింది.

"రండి మాస్టారూ. మా పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?"

"తప్పు చేసింది నేనమ్మా" అన్నారాయన. లోపలికి రాలేదు, కుర్చీ వేస్తానన్నా కూర్చోలేదు. "నువ్వు చేసే పని గురించి దాన్ని అడక్కుండా పదిమందిలో అనేశాను. ఆ మాట దానికెంత కష్టంగా ఉంటదో చూసుకోలా. నాటకం బాగా రావాలన్న ఆత్రం తప్ప, ఎదురుగా ఉన్న పిల్ల కనపళ్ళేదు నాకు." తర్వాత నా వంక తిరిగారు. "కుమారీ, నన్ను క్షమించు తల్లీ. రేపు వాళ్ళందరి ముందూ ఇదే మాట చెప్తాను. నువ్వు వేషం వేసినా సరే, వేయకపోయినా సరే."

పెద్దవాళ్ళు పిల్లల్ని క్షమించమని అడుగుతారని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మ నా వంక తిరిగింది.

"కష్టమేంటే? నా పని గురించి చెప్తే నీకెందుకు కష్టం?"

ఇక దాచేందుకేమీ లేదు. "నువ్వు మిషను కుడతావని చెప్పానమ్మా, బళ్ళో."

అమ్మ మజ్జిగ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. "మిషనా?" అంది చివరికి. "నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు గదే!" నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోవడం నేనూ చూశాను, మాస్టారూ చూశారు. ఆ క్షణం నాకిప్పటికీ సిగ్గే. కానీ అమ్మ తనే తేరుకుని ఆయనతో అంది: "దానికి ఆ పని రాదండి. నేనెప్పుడూ కల్లంలోకి రానీయలా. ఏదన్నా చూపించాలంటే నేనొచ్చి చూపిస్తా."

అన్నట్టే ఒకపూట పని మానుకుని వచ్చింది. అంతకు ముందే మాస్టారు అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పారు, గొణక్కుండా, తల దించకుండా. తర్వాత అమ్మను గది మధ్యలో కూర్చోబెట్టి, ముందర కాయలు పోయించారు. "ముఖం చూడొద్దు, చేతులు చూడండి" అన్నారు మాతో. మేమంతా దగ్గుతూ చూశాం. కన్ను మండితే అమ్మ చెయ్యి పెట్టలేదు. తల వంచి, భుజం మీది జాకెట్టుకు ఒత్తుకుంది. రమాదేవి ఏదో అడిగితే తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "మాట్లాడేవాళ్ళ వంక చూస్తే చెయ్యి ఆగిపోద్దమ్మా" అంది. నేను ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి వీటిలో ఒక్కటీ చూడలేదు.

వేదిక మీద నిజం కాయలు పోస్తే ముందు వరసలవాళ్ళ దగ్గులో మా మాటలు వినపడవు. అందుకని ఎర్రగుడ్డ ముక్కలు మెలిపెట్టి, గంజిలో ముంచి ఎండబెట్టి బస్తాడు కాయలు చేశాం. అమ్మ వాటిని చూసి, "తాలుకాయ లేని పంట ఎక్కడన్నా ఉందా?" అంది. మాస్టారు వెంటనే తెల్లగుడ్డ తెప్పించి, వెలిసిపోయిన కాయలు కొన్ని చేయించి కుప్పలో కలిపించారు.

ఆ ఏడాది స్కూళ్ళ నాటక పోటీ గుంటూరులో జరిగింది. నా కూతురి వేషంలో ఉన్న రమాదేవి నాటకం మధ్యలో మాట మర్చిపోయింది. అంతకుముందు నేనైతే బెదిరిపోయి ఏదో ఒకటి అరిచేదాన్ని. ఆ రోజు తల ఎత్తలేదు, ముచ్చికలు తీస్తూనే ఉన్నాను. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. రమాదేవి ఊపిరి పీల్చుకుని, నా పక్కన కూలబడి, తనూ ఒక కాయ అందుకుని మాట మొదలుపెట్టింది.

బహుమతి రాలేదు. ఒక న్యాయనిర్ణేత మాస్టారిని పిలిచి, "తల్లి వేషం వేసిన అమ్మాయి నటించలేదండీ, ఊరికే పని చేసుకుంటూ కూర్చుంది" అన్నారట. అది మాకు చెబుతూ ఆయన పడీపడీ నవ్వారు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. అమ్మకు మాత్రం కోపం వచ్చింది.

"నటించలేదంటనా? దాని బతుకులో ఒక్క కాయకన్నా ముచ్చిక తీసిందేంటి!"

ఆ మాటను మించిన బహుమతి నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

మాస్టారు పోయి కొన్నేళ్ళయింది. ఆయన దగ్గర గొంతు, నడక, తెర లాగడం, దీపాలు కట్టడం అన్నీ నేర్చుకున్నాను. వాటితోనే ఇవాళ నా బతుకు నడుస్తోంది. కానీ నేను గట్టిగా పట్టుకున్నది వేరే ఉంది. ఏ పిల్లకైనా వేషం ఇచ్చేముందు నేను వాళ్ళింటికి వెళ్తాను. వాళ్ళ అమ్మానాన్నలు ఏ పని చేస్తారో, ఎలా చేస్తారో కూర్చుని చూస్తాను. చూసిందాంట్లో ఏదైనా వేదిక మీదికి తేవాలనిపిస్తే ముందు ఆ పిల్లను పక్కకు పిలిచి అడుగుతాను. కొందరు వెంటనే సరేనంటారు. కొందరు తల అడ్డంగా ఊపుతారు. అప్పుడు నాటకంలో ఆ సీను ఉండదు.